సముద్రానికి పట్టా ఎక్కడ తెచ్చేది: ఫైరింగ్ రోజుల పరిహారం కోసం మా తిరుగుడు

ఒడిశాలో మా గోపాలపురం అంటే బయటివాళ్ళకి బీచ్, లైట్‌హౌస్. సైన్యంలో చేసొచ్చినవాళ్ళకి మాత్రం ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ. పైన వచ్చే విమానాన్ని నేల మీంచి కూల్చడం నేర్పేది అక్కడే. 1994లో ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం నుంచి విడిపోయి ఎయిర్ డిఫెన్స్ సొంత విభాగం అయింది. ఎల్-70 తుపాకీ, దాని 40 మిల్లీమీటర్ల గుండు, పైలట్ లేకుండా ఎగిరే టార్గెట్ విమానం, ఇవన్నీ మా గంజాం తీరంలో బడి పిల్లలు కూడా చెప్పేస్తారు. తుపాకుల మూతి సముద్రం వైపు ఉంటుంది కాబట్టి పేల్చే రోజున సముద్రం ఖాళీగా ఉండాలి. అంటే ఆ పూట మేం ఒడ్డునే ఉండాలి.

మేమంటే వాడబలిజలం, సముద్రం మీద చేపల వేటే మా బతుకు. ఒడియావాళ్ళు నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసేనాటికే మా ముత్తాతలు ఈ ఒడ్డున వలలు ఆరేసుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. బరంపురంలో డిగ్రీ చదివానని ఊళ్ళోకి ఏ కాగితం వచ్చినా నా చేతిలో పెడతారు. పరిహారం ఫైలు కూడా అలాగే నా నెత్తికెక్కింది.

దీనికో పాత చట్టం ఉంది. 1938 నాటి మెనూవర్స్, ఫీల్డ్ ఫైరింగ్ అండ్ ఆర్టిలరీ ప్రాక్టీస్ యాక్ట్. సైన్యం ఫైరింగ్ సాధన చేసుకోడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నోటిఫై చేస్తుంది. ఫైరింగ్ జరిగేటప్పుడు అందులో డేంజర్ జోన్ అన్న చోటు నుంచి మనుషుల్నీ పశువుల్నీ పంపించెయ్యొచ్చు. అలా పంపినందువల్ల పని పోయినా, పంట పాడైనా పరిహారం ఇవ్వాలి. లెక్క కట్టేది రెవెన్యూ అధికారి. దరఖాస్తుకి గానీ అప్పీలుకి గానీ ఫీజు లేదు. ఈ చివరి ముక్క నాకు భలే పనికొచ్చింది. తలకింత ఇస్తే ఫైలు నడిపిస్తానని ఊళ్ళో తిరుగుతున్న ఒక బ్రోకరుకి ఆ లైను కింద గీత గీసి చూపించాను. మళ్ళీ మా వీధిలోకి రాలేదు.

చట్టం చదివాక అర్థమైందేమిటంటే, అది రాసినవాళ్ళ కళ్ళ ముందున్నది పొలం. పొలానికి పట్టా ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, తొక్కేసిన చేను మర్నాడు వెళ్ళినా కనిపిస్తుంది. వేటకి వెళ్ళని రోజుకి ఆనవాలేముంది? పడని చేపని ఎవరికి చూపిస్తాం? మొదటిసారి ఆఫీసుకి వెళ్ళినప్పుడు గుమాస్తా అడిగింది అదే: “మీరు ఆ రోజు ఆ చోటే వేటకి వెళ్ళేవాళ్ళని రుజువేంటి?” పక్కనే ఉన్న మా చిన్నాన్న ఆఫీసువాళ్ళ ముందు ఒడియాలో “ఆజ్ఞా, ఆజ్ఞా” అంటూ తలూపి, బయటికొచ్చాక నన్ను పట్టుకున్నాడు. “ఏట్రా, సముద్రానికి కూడా పట్టా అడుగుతారేటి ఈళ్ళు?”

అందుకని ముందు చోటు తేల్చుకోవాల్సి వచ్చింది. నోటీసులో డేంజర్ జోన్ అక్షాంశ రేఖాంశాల్లో ఉంటుంది, డిగ్రీలు, నిమిషాలు. మావాళ్ళకి చోటు తెలిసేది గురుతులతో. లైట్‌హౌస్ ఫలానా తాటితోపు మీదికి వచ్చి, పడమటి కొండ మెడ దానికి ఎడమగా కనిపిస్తే అక్కడ రాతినేల, వంజరం పడుతుంది. ఇంకా లోపలికి వెళ్ళి తోపు నీళ్ళలో మునిగినట్టు కనిపిస్తే అది కానాగర్తల చోటు. ఇవి ఏ మ్యాపులోనూ లేవు. చిన్నాన్నని, ఇంకో ఇద్దరు ముసలాళ్ళని బోటెక్కించి, గురుతు కలిసిన చోటల్లా ఆపమని ఫోన్‌లో పాయింటు పెట్టుకున్నాను. ఆ పాయింట్లన్నీ ఒక కాగితం మీదికెక్కించి, నోటీసులోని జోను గీస్తే చాలావరకు లోపలే పడ్డాయి. ఫైలు మొత్తంలో ఆ అధికారి నిజంగా ఆగి చూసిన కాగితం ఇదొక్కటే. ఏ చోట ఏ చేప అని వేలు పెట్టి అడిగాడు కూడా. చిన్నాన్నకి అప్పుడు ఒడియా ధారాళంగా వచ్చేసింది.

తర్వాత అసలు పేచీ. బోటు యజమాని దగ్గర రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఫిషరీస్ లైసెన్సు ఉంటుంది. ఆ బోటులో పనిచేసే కళాసీ దగ్గర ఏముంటుంది? మా దగ్గర జీతాలు లేవు, వాటాలు. అమ్మిన డబ్బులోంచి ఆయిలు, ఐసు ఖర్చు తీసేసి, బోటుకీ వలకీ ఒక వాటా, మిగిలింది మనుషులకి. చేప పడకపోతే ఎవరికీ ఏమీ లేదు. జీతం లేనివాడికి ‘పని పోయింది’ అని రాస్తే కాగితం మీద నిలబడదని ఆఫీసులో అనేశారు. యజమానుల పేర్లతో ముందు ఇచ్చేస్తే, వాళ్ళే కళాసీలకి పంచుకుంటారన్నారు. మా ఊళ్ళో కొందరు యజమానులు దీనికి చటుక్కున ఒప్పేసుకున్నారు. వాళ్ళలో మా బావ కూడా ఉన్నాడు, అందుకే రాస్తున్నాను. బోటు ఒడ్డున ఉంటే యజమానికి ఆయిలు మిగులుతుంది, కళాసీకి ఆ పూట కూరే ఉండదు. ఇద్దరికీ ఒకే లెక్కేంటి?

గంగమ్మ గుడి దగ్గర కూర్చుని చాలాసేపు కేకలేసుకున్నాక పెద్దలు ఒక మాటకొచ్చారు. ఐసు అప్పిచ్చే షావుకారి పద్దులు తెప్పించాం. ఏ రోజు ఏ బోటు ఎంత చేప వేసింది, ఎవరెవరు వాటా పట్టుకెళ్ళారు, అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని పేజీలకి చేపల రక్తం అంటుకుని అంటుకుపోయాయి, ఆవిరి పట్టి విడదీశాం. ఫైరింగ్‌కి ముందు వారం, తర్వాత వారం అదే బోటులో అవే పేర్లు కనిపిస్తే, మధ్యలో ఆగిన రోజు కూడా వాళ్ళే వెళ్ళేవాళ్ళని వాదన. ఈ వాదన నిలబడింది.

పేర్ల గొడవ క్లుప్తంగా చెప్తాను. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళ ఫారాల్లో చివర. ఆధార్‌లో ఒకలా, పాసుబుక్కులో ఒకలా, ఒడియా అక్షరాల్లో మూడోలా. ఇలాంటి ఫైలు పెట్టే తెలుగువాళ్ళెవరైనా ముందు ఈ పని చూసుకోండి. డబ్బు మంజూరయ్యాక బ్యాంకు తిప్పి పంపితే ఆ టెన్షన్ వేరు.

ఇంకో కొర్రీ తాబేళ్ళ దగ్గర వచ్చింది. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది ముఖద్వారం చుట్టుపక్కల 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం వేట మీద నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా 61 రోజుల ఆపుదల. ఎలాగూ వేట లేని రోజుకి ఫైరింగ్ నష్టమేంటని ఫైలు వెనక్కొచ్చింది. అడగడం న్యాయమే. కాబట్టి నిషేధం వర్తించే చోటుకీ బోటుకీ ఆ రోజులు కొట్టేసి, ఇంజను లేని తెప్పలవి వేరే చూపించాం. లెక్క చిన్నదైంది గానీ, ఆ తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేదు.

డబ్బు వచ్చింది. అడిగినంత కాదు. కళాసీల పేర్లు ఎక్కువ భాగం నిలిచాయి. కొన్ని మాత్రం పద్దులో ముద్దుపేర్లు ఉన్నాయని పోయాయి. షావుకారు తన పద్దులో ‘పొట్టోడు’ అని రాసుకుంటే దాన్ని ఆధార్‌కి కలపడం ఎవరి తరం?

నాకు బాగా గుచ్చుకున్నది ఆడవాళ్ళ సంగతి. ఒడ్డున చేప కొని, తట్టల్లో ఐసు కప్పి, పొద్దున్నే బస్సెక్కి బరంపురం బజారుకి పట్టుకెళ్ళేది వాళ్ళే. బోటు కదలని రోజు వాళ్ళ బేరమూ లేదు. వాళ్ళ పేర్లూ పెట్టాను. డేంజర్ జోన్ నుంచి పంపించేసింది వాళ్ళని కాదు కదా అని ఆ పేజీ మొత్తం కొట్టేశారు. చట్టం మాట పట్టుకుంటే అధికారి అన్నది తప్పని చెప్పలేను. అయినా మా వదిన ఊరుకోలేదు. “మీ జోను నీళ్ళలో ఉంటే మా పొయ్యి ఎక్కడుందట?” అని నన్నే నిలదీసింది, నేనేదో ఆ జోను గీసినట్టు.

తీర్పు అందాక అప్పీలుకి 15 రోజుల గడువు. గడువు లోపలే వేశాం. అది ఇంకా తేలలేదు. ఈలోగా ఆడవాళ్ళే ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. ఏ బోటు దగ్గర ఎంతకి కొన్నారు, బజారులో ఎంతకి అమ్మారు, ఆ రోజు బస్సు టికెట్టు పక్కనే అంటించి రాస్తున్నారు. రాసేది తొమ్మిదో తరగతి చదివే మా వదిన కూతురు. తెలుగులో కాదు, ఒడియాలో రాయమని చెప్పాను.