కోనసీమ ఎండలో ఫిల్ము కడగాలంటే

ఫోటో ఫిల్ము కాలం పోయిందనే వాళ్ళకి ఒకటే మాట: ఇల్‌ఫర్డ్ వాళ్ళ నలుపు-తెలుపు ఫిల్ము హెచ్‌పీ5 ఇప్పటికీ కొత్తగా తయారై వస్తోంది. మన డెల్టాలో దాన్ని పాడుచేసేది వేడీ, చెమ్మా.

పలచన చెయ్యని డీ-76 డెవలపరులో (ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందు) హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కావాలి. మే నెలలో అమలాపురం వైపు మేడ మీది ట్యాంకు నీళ్ళు ముట్టుకుంటేనే చుర్రుమంటాయి. వాటితో కడిగితే టైము 5 నిమిషాల లోపుకి పడిపోతుంది, మందు సమంగా పట్టదు, ఫోటోలో ఆకాశం మీద చారలొస్తాయి. బేసిన్‌లో ఐసు వేసి మందు సీసాలు అందులో నిలబెట్టండి. ఐసు మందులో మాత్రం వెయ్యొద్దు, పలచబడిపోతుంది. ఫిక్సరు (బొమ్మని నిలబెట్టే మందు), కడిగే నీళ్ళు కూడా అదే చల్లదనంలో ఉండాలి. చల్లటి మందులోంచి తీసి వేడినీళ్ళలో ముంచితే ఫిల్ము పైపూత ముడతలు పడొచ్చు, పడితే ఇక బాగుపడదు.

కలర్ ఫిల్ముకైతే మన ఎండే సాయం. కలర్ ఫిల్ము కడిగే సీ-41 పద్ధతిలో డెవలపరుకి 38 డిగ్రీలు కావాలి, కాస్త వేడి చేస్తే చాలు.

ఆఖరి ముంపు బోరునీళ్ళతో వద్దు. ఉప్పునీళ్ళయితే ఆరాక తెల్లమచ్చలు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఫ్యాను ఆపేసి ఆరబెట్టండి, తడి ఫిల్ముకి దుమ్ము అంటితే వదలదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన రోలుని డబ్బా మూత తియ్యకుండా రెండు గంటలు బయట ఉంచండి, లేకపోతే చల్లటి ఫిల్ముకి చెమ్మ పడుతుంది. వానాకాలంలో మరీ ముఖ్యం.