పొద్దుతిరుగుడు పూలు అయిపోయాక

మేరీల్యాండ్‌లో ఉండే మాకు జులై వస్తే మెకీ-బెషర్స్ అనే వన్యప్రాణుల అడవి గుర్తొస్తుంది. పాపకి పట్టుపరికిణీ కట్టి, పొద్దుతిరుగుడు తోటలో నిలబెట్టి ఫొటోలు తీసుకుని వచ్చేయడమే. నాలుగేళ్లు నేనూ అంతే చేశాను. ఆ తోట వేసింది ఫొటోలకు కాదు, గింజలకొచ్చే గువ్వల కోసం. సెప్టెంబరులో ఆ గువ్వల కోసం తుపాకులవాళ్లు వస్తారు. ఈ సంగతి తెలిశాక ఆ ఫొటోలు కొంచెం ఎలాగో అనిపించాయి.

పోయిన నవంబరులో ఒక్కదాన్నే వెళ్లాను. పొటోమాక్ నది పక్కన దాదాపు 2,000 ఎకరాలు, పూల కాలం అయిపోయాక అడిగే నాథుడు లేడు. కారు దిగానో లేదో దూరంగా ఎవరో చెక్క తలుపు విసిరికొట్టినట్టు చప్పుడు. తుపాకీ అని అర్థమవడానికి కాసేపు పట్టింది. నా ఒంటిమీద గోధుమరంగు జాకెట్!

పక్క ట్రక్కులోని పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "అచ్చం జింకలా ఉన్నారు మేడమ్" అని ఓ ఆరెంజ్ టోపీ చేతిలో పెట్టాడు. ఇంత కొట్టొచ్చే రంగు జింకలకు కనబడదా అన్నాను. వాటికి ఆరెంజ్ తేడా తెలియదట, నా నీలం జీన్సే బాగా కనబడుతుందట.

ఇలాంటి అడవుల ఖర్చులో పెద్ద వాటా వేటగాళ్లదే. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను రాష్ట్రాలకు వన్యప్రాణుల కోసం వెళ్తుంది. చీమను కూడా దాటుకుని నడిచే మా అమ్మకి ఇది ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

లోపల ఒకచోట చెట్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. వరద కాదు, బాతుల కోసం చలికాలానికి కావాలనే నీళ్లు పెడతారు. చెట్లు చిగురించే వేళకి తీసేస్తారు, లేకపోతే వేళ్లు ఊపిరాడక చస్తాయి. గట్టు మీద ఓ లేతచెట్టుకు మోకాలెత్తున బెరడు లేచిపోయి, పీచు వేలాడుతోంది. మగజింక కొమ్ములు రుద్దుకున్న చోటు. వేలు పెడితే ఇంకా తడిగానే ఉంది. చుట్టూ చూశాను, ఏమీ లేదు.

ఇంటికొచ్చి మేజోడు విప్పితే నువ్వుగింజంత పిడుదు, కాలి మీద పాకుతోంది. ఇంకా కరవలేదు, నయం. చలికాలం కదా, ఇవి ఉండవులే అనుకోవడం నా తెలివితక్కువ.

వారం తర్వాత టోపీ ఇచ్చేద్దామని వెళ్లాను. ట్రక్కు లేదు. టోపీ ఇప్పుడు కారు వెనక సీటు మీదే ఉంటోంది.