మూడు షిఫ్టులు, ఒక సైకిల్, 200 కిలోమీటర్లు

మాది విశాఖపట్నంలో గాజువాక. నేను పనిచేసేది మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో. ఓ వారం 'ఏ' షిఫ్టు, పొద్దున్న ఆరింటికి. మరో వారం బీ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి. ఆ పై వారం సీ షిఫ్టు, రాత్రి పదింటికి. మా ఆవిడ డీఎస్సీకి చదువుతోంది. పాప ఏడో తరగతి. 42 ఏళ్ల వయసులో 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీ) తొక్కుతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "ఎప్పుడు తొక్కుతారండీ?" అని మాత్రం అడిగింది మా ఆవిడ. దానికి సరైన జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బీఆర్ఎం పందెం కాదు. ఫస్టులు, సెకండ్లు ఉండవు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ పెట్టిన నియమాల ప్రకారం ప్రపంచమంతా ఇలాగే తొక్కుతారు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు గడువు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఒకే సీజన్‌లో నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండనూర్ అంటారు. చేతికో కార్డు ఇస్తారు, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర దాని మీద ముద్ర వేయించుకోవాలి. మధ్యలో చైను తెగినా, టైరు పగిలినా మన తిప్పలు మనవే.

ఆగస్టులో మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలూ ఖాళీ దొరికితే చాలు, సైకిలెక్కి ఆయాసం వచ్చేదాకా తొక్కేవాణ్ణి. అక్టోబరులో సీ షిఫ్టు దిగి, ఇంటికి వెళ్లకుండా గేటు నుంచి నేరుగా అనకాపల్లి వైపు తిప్పాను. లంకెలపాలెం దాటాక రోడ్డు అంచున మట్టిలో పడి ఉన్నాను. కన్ను మూతపడిందని పడ్డాకే తెలిసింది. వెనకాల లారీ లేదు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఇంటికొచ్చాక డెట్టాలుతో కడుగుతూ మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సైకిలు మానేయమని నేననను. నిద్ర మానేసి మాత్రం ఎక్కకండి" అంది.

ఆ సాయంత్రమే వంటింటి గోడకున్న తిథుల క్యాలెండరు దింపి, ఇద్దరం ముందు పెట్టుకు కూర్చున్నాం. నా రోజులకు నీలం సున్నా, తన రోజులకు ఎర్ర సున్నా. సీ షిఫ్టు వారం సైకిలు ముట్టుకోను. బీ షిఫ్టు వారం మంగళ, గురువారాల్లో ఐదింటికి బయల్దేరి, పాప స్కూలు వ్యాను వచ్చేలోగా ఇంట్లో ఉంటాను. ఏ షిఫ్టు వారం మధ్యాహ్నం గంట పడుకుని, సాయంత్రం సింహాచలం ఘాట్ రోడ్డు రెండుసార్లు ఎక్కుతాను. కొండ సుమారు 800 అడుగులే గానీ, ఎక్కుడు అలవాటు లేని కాళ్లకి అదే ఎక్కువ. ఆదివారాల్లో ఒకటి నాది, ఒకటి తనది. తన ఆదివారం వంట నాది, పాప నాతో. తను లైబ్రరీకి వెళ్లి చీకటి పడ్డాకే వచ్చేది. అంతకుముందు నేను తొక్కిన ప్రతి గంటా తన చదువులోంచే పోయిందని ఆ క్యాలెండరు చూశాకే నాకు అర్థమైంది.

గంటలు తగ్గాయి, కాళ్లకు బలం మాత్రం పెరిగింది. ఎక్కువ రోజులు నెమ్మదిగానే తొక్కాను. పక్కనెవరైనా ఉంటే ఆయాసపడకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా. సెప్టెంబరులో రుషికొండ ఎక్కుడులో 165 కొట్టుకున్న గుండె, జనవరిలో అదే వేగానికి 148 దగ్గర ఆగింది. ఆ రోజు ఆ అంకె రెండుసార్లు చూసుకున్నాను.

తిండి సంగతి తేలడానికి మాత్రం ఓ దెబ్బ తినాల్సొచ్చింది. మా ఇంటి నుంచి భీమిలి వెళ్లొస్తే 80 కిలోమీటర్లు దాటుతుంది. డిసెంబరులో ఆకలెయ్యట్లేదు కదాని ఏమీ తినకుండా తొక్కాను. తిరుగు దారిలో చేతులు వణికి, బ్రేకు పట్టుకోలేక దిగిపోయాను. ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఆ తర్వాత ఫోన్లో అరగంటకోసారి అలారం పెట్టుకున్నాను. మోగితే సగం అరటిపండో, రెండు ఖర్జూరాలో, ఓ వేరుశనగ చిక్కీ ముక్కో. ఒక సీసాలో నీళ్లు, రెండోదాంట్లో ఓఆర్ఎస్.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం బీఆర్ఎం. పొద్దున్న ఆరింటికి బీచ్‌రోడ్డులో బయల్దేరాం. భీమిలి, తగరపువలస, అక్కడి నుంచి హైవే మీద భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం. శ్రీకాకుళం పొలిమేరలో 100 దగ్గర ముద్ర వేయించుకునేసరికి పదకొండు కాలేదు. వేగం చూసి పొంగిపోయాను. గాలి వీపున తోస్తోందని తట్టలేదు.

వెనక్కి తిరగ్గానే ఆ గాలే ఛాతీకి తగిలింది. నైరుతి నుంచి ఎదురుగాలి, పల్లంలో కూడా తొక్కితేనే సైకిలు కదులుతోంది. పూసపాటిరేగ చేరేసరికి రెండున్నర. టీ బడ్డీలో ముసలమ్మ, "సికాకులం నుంచి సైకిలు మీదొచ్చీసినావేటి బావూ! కూసేపు కూకో, సందేళకి గాలి తగ్గాక ఎల్దువు" అంది. మజ్జిగిచ్చి డబ్బులు పుచ్చుకోలేదు. సందేళ దాకా కూర్చునే వీలు నాకు లేదు.

రెండు కిలోమీటర్లు పోయానో లేదో వెనక చక్రం మెత్తబడింది. ట్యూబు మార్చడం ఐదు నిమిషాల పని. గుచ్చుకున్నదేదో తియ్యకపోతే మాత్రం కొత్త ట్యూబూ పోతుంది. పైకి ఏమీ కనిపించలేదు. టైరు లోపల వేలితో మెల్లగా తడుముతూ పోతే ఓ చోట చురుక్కుమంది. పేలిన లారీ టైర్లలోంచి రాలే ఉక్కు తీగ, వెంట్రుకంత సన్నం. గోళ్లతో లాగితే రాదు. సామాన్ల సంచిలో మా పాప వేసిన నెయిల్ కట్టరు ఉంది. దాంతో పట్టి లాగితే అర అంగుళం ముక్క వచ్చింది. మొత్తం ఇరవై నిమిషాలు పోయాయి.

భోగాపురం నుంచి ఇక వేగం చూడలేదు. ఒక మైలురాయి, దాని తర్వాత ఇంకొకటి. భీమిలిలో ఐదున్నర. ఎర్రమట్టి దిబ్బల దగ్గర పొద్దుగూకింది, లైట్లు వేసుకున్నాను. చీకట్లో ఒకపక్క సముద్రం హోరు, ముందు నా లైటు పడ్డంత మేర రోడ్డు. రుషికొండ ఎక్కుడు చిన్న గేరులో, కూర్చునే ఎక్కాను. ఏడూ ఐదుకి చేరాను. గడువు ఇంకా 25 నిమిషాలుంది.

మా ఆవిడ, పాప అక్కడే నిలబడి ఉన్నారు. పాప కార్డు లాక్కుని ముద్రలు లెక్కపెట్టింది. నెయిల్ కట్టరు పనికొచ్చిందని చెబితే దాని మొహం వెలిగిపోయింది. "300 ఎప్పుడండీ?" అంది మా ఆవిడ.

ఇంటికెళ్లి స్నానం చేసి, క్యాలెండరు దింపాను. డీఎస్సీ పరీక్ష దాకా ఉన్న ఆదివారాలన్నిటికీ ఎర్ర సున్నాలు చుట్టి, తిరిగి మేకుకి తగిలించాను. మర్నాటి నుంచి ఏ షిఫ్టు. ఐదింటికి లేవాలి.