ఎమ్‌డెన్ రాత్రి హత్య: తొమ్మిదో వారం

ఈ వారం రెండు వేల పదాలు రాశాను, మూడు వేలు కొట్టేశాను. నవల 34 వేల నుంచి 33 వేలకి దిగింది. తప్పంతా వెన్నెలది.

హత్య జరిగేది 1914 సెప్టెంబర్ 22 రాత్రి. ఎమ్‌డెన్ అనే జర్మన్ యుద్ధనౌక తొమ్మిదిన్నర ప్రాంతంలో మద్రాసు హార్బర్ మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టిన రాత్రి. జార్జిటౌన్‌లో ఒక పప్పుల వ్యాపారి ఇంట్లో అందరూ మేడెక్కి మంటలు చూస్తుంటే కింద గదిలో పెద్దాయన చచ్చిపడుంటాడు. ఆ మేడ మీద నేను వెన్నెల ఆరబోసేశాను, పేజీలకి పేజీలు. తర్వాత ఆ ఏడాది ఆగస్టు 21న సూర్యగ్రహణం వచ్చిందని చదివి గుండె గుభేలుమంది. గ్రహణమంటే అమావాస్య కదా, ఇరవైతొమ్మిదిన్నర రోజులు కలిపితే తర్వాతి అమావాస్య సెప్టెంబర్ 19, 20 మధ్య పడింది, అంటే హత్య వేళకి సన్నటి నెలవంక ఎప్పుడో కుంకిపోయి ఉంటుంది.

అయితే ఆ లెక్కే ఒక వరం కూడా ఇచ్చింది. భాద్రపద అమావాస్య దాటింది కాబట్టి నవరాత్రులు మొదలయ్యాయి, ఇంట్లో బొమ్మల కొలువు ఉంటుంది! అందుకని హత్యాయుధాన్ని మార్చేశాను. ఇత్తడి చెంబు పోయి, మరపాచి (కొలువులో పెట్టే కొయ్య రాజారాణుల జంట) రాజు బొమ్మ వచ్చింది. ఎర్రచందనం, మా అమ్మమ్మది చేతిలోకి తీసుకుని చూశాను, తలకి తగిలితే మనిషి లేవడు. హంతకుడు దాన్ని తుడిచి చీకట్లో మళ్ళీ మెట్టు మీద పెడతాడు, కానీ రాణికి అటుపక్క పెట్టాల్సింది ఇటుపక్క పెడతాడు, పట్టుపంచె కుచ్చిళ్ళు వెనక్కి తిరిగిపోతాయి. పోలీసుల కంట పడదు, ఇంటి కోడలు మాత్రం గుమ్మంలోంచే పట్టేస్తుంది.

ఇక మా డిటెక్టివ్. అతను కోర్టులో తెలుగు దుబాసీ, ఇరవయ్యేళ్ళుగా సాక్షుల మాటలు ఇంగ్లీషులో చెప్తున్నవాడు. మొదట సైకాలజీ చదివినవాణ్ణి చేశాను గానీ మన దేశంలో ఆ డిపార్ట్‌మెంటు మొదటిసారి కలకత్తాలో పెట్టిందే 1916లో. కాబట్టి యూంగ్ అనే స్విస్ మనస్తత్వవేత్త చేసిన మాటల పరీక్ష గురించి పత్రికలో చదివి సొంతంగా ప్రయత్నిస్తాడు: ఒక మాట చెప్పాలి, ఎదుటివాడు తట్టిన మాట వెంటనే అనాలి, ఆలస్యమైతే అక్కడేదో ఉందని.

రాసేముందు ఇంట్లో చేసి చూశాను. ఇరవై మాటలు, అందులో ఐదు ఇరికించేవి, ఫోన్‌లో స్టాప్‌వాచ్. అత్తయ్యగారు అన్నిటికీ రెండు సెకన్లలోపే చెప్పి, ‘మైసూర్‌పాక్’ దగ్గర నాలుగు సెకన్లు ఆగి ‘షుగర్’ అన్నారు (ఫ్రిజ్‌లో డబ్బా ఖాళీ). పరీక్ష పనిచేస్తోందని సంబరపడేలోగా మావాడు ప్రతి మాటకీ మూడు, నాలుగు సెకన్లు తీసుకున్నాడు. ‘గడప’కి ఐదు. దొంగతనం కాదు, వాడి బుర్రలో ముందు వచ్చేది స్కూల్లో మాట్లాడే తమిళం, తెలుగు తర్వాత. అదే ఇరవై తమిళంలో అడిగితే టకటకా చెప్పేశాడు.

పన్నెండో అధ్యాయం అక్కడే దొరికింది. దుబాసీ తమిళ వంటమనిషిని తెలుగులో పరీక్షించి, తడబాటు చూసి అనుమానిస్తాడు. భాషల మధ్యే బతికే మనిషి ఆ పొరపాటు చేయడమే నాకు నచ్చింది. ఇన్‌స్పెక్టర్ అది నమ్మి వంటమనిషి చేత ఒప్పించేస్తాడు కూడా. అప్పటి 1872 ఎవిడెన్స్ యాక్ట్ 25వ సెక్షన్ ప్రకారం పోలీసుకి చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లేది కాదు, అందుకే కేసు మళ్ళీ బొమ్మ దగ్గరికొస్తుంది.

శనివారం హైకోర్టు దగ్గర ఎమ్‌డెన్ జ్ఞాపకఫలకం చూసొచ్చాను, పది నిమిషాల పని. వచ్చే వారం వంటమనిషి సీను తమిళంలో తిరగరాయాలి. నా తమిళం ఆటోవాళ్ళతో బేరానికి సరిపోతుంది గానీ 1914 నాటి వంటమనిషికి చాలదు, పక్కింటి మామికి ఫిల్టర్ కాఫీ ఆశపెట్టాను.