డబ్బాలో ముక్కలైన ముగ్గు: నా జియోక్యాషింగ్ అనుభవం

అడవిలో దాచే డబ్బాలో జిగ్సా పజిల్ పెట్టాలంటే ముందు ఆలోచించాల్సింది ఒకటే: ఒక ముక్క పోతే ఏమిటి? పోవడం మాత్రం ఖాయం. చెట్ల కింద, చలిలో, వణికే వేళ్లతో పేరుస్తారు. పిల్లలు ఉంటారు, కుక్కలు ఉంటాయి. అమెరికాలో సియాటిల్ పక్కన మేముండే బోథెల్‌లో నేను ఒక డబ్బా దాచాలనుకున్నప్పుడు ఎక్కువ కాలం ఈ ప్రశ్నతోనే గడిచింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని ఉంచిన తేడాను తీసేసింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, అదెక్కడుందో చెప్పే కోఆర్డినేట్స్, అంటే అక్షాంశ రేఖాంశాలు, ఇంటర్నెట్‌లో పెట్టాడు. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని పుస్తకంలో సంతకం చేయాలి. అలా మొదలైంది జియోక్యాషింగ్. కొన్ని డబ్బాలకు కోఆర్డినేట్స్ నేరుగా ఇవ్వరు, ముందు ఏదో ఒక చిక్కు విప్పాలి. నాకు చిన్నప్పటి నుంచి జిగ్సాలంటే ప్రాణం కాబట్టి నా చిక్కు ఏమిటో వెతుక్కోనక్కర్లేకపోయింది.

జిగ్సాను ఫోన్‌లోనూ పెట్టొచ్చు. జిగిడి అనే సైట్‌లో బొమ్మ పూర్తి చేస్తే చివర్లో ఒక సందేశం కనిపిస్తుంది, కోఆర్డినేట్స్ అందులో ఉంటాయి. చాలామంది చేసేది అదే. అందులో ముక్క పోదు, తడవదు. అయినా నాకు ముక్క వేళ్లకు తగలాలి, సరిగ్గా కూర్చున్నప్పుడు టక్కుమనాలి. అందుకని మొదటి డబ్బాలో జిగ్సా, అది చెప్పే చోట రెండో డబ్బా, అందులో సంతకాల పుస్తకం అని నిర్ణయించుకున్నాను.

అట్టముక్కలు ఇక్కడ పనికిరావు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ముసురే. అట్ట ఉబ్బితే ఒకదాంట్లో ఒకటి ఇమడదు, ప్లైవుడ్డూ అంతే. అందుకని 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎర్ర యాక్రిలిక్ ప్లాస్టిక్ షీటు కొని, దగ్గర్లోని మేకర్‌స్పేస్‌లో, అంటే అందరూ వాడుకునే వర్క్‌షాప్‌లో, లేజర్‌తో కోయించాను. ఎరుపు ఎందుకంటే ఇక్కడ చెట్ల కిందంతా ఫెర్న్ పొదలు. ఆ పచ్చదనంలో ముక్క జారిపడ్డా ఎరుపైతే కంటికి ఆనుతుంది. ఎరుపు అనుకోగానే జాజు పూసిన అరుగు గుర్తొచ్చింది, దాంతో బొమ్మ ఏమిటన్నదీ తేలిపోయింది.

గుంటూరులో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేసి మెలికల ముగ్గు ఒకటి కావాలన్నాను. "7 చుక్కలు పెట్టి, 4 వచ్చేదాకా సందు చుక్క పెట్టు" అని కాగితం మీద గీసి చూపించింది. ఎందుకో చెప్పాక మాత్రం, "ముగ్గును కోసేస్తావటే?" అని బాధపడింది. "కలిపేవాళ్లు రోజూ వస్తారమ్మా" అన్నాక కుదుటపడింది. జిగ్సాకు మెలికల ముగ్గు భలే నప్పుతుంది. గీత ఎక్కడా తెగదు కాబట్టి, ఒక ముక్క అంచులో ఆగిన గీత పక్క ముక్కలో కొనసాగాల్సిందే. అయితే ముగ్గు అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కనుక ఏ ముక్క ఏ మూలదో బొమ్మను బట్టి చెప్పలేం. అందుకే ఏ రెండు ముక్కల అంచులూ ఒకేలా లేకుండా కోయించాను. మొత్తం 24 ముక్కలు. అంతకు మించితే వానలో ఎవరికీ ఓపిక ఉండదు.

ఇక అసలు సంగతి. రెండో డబ్బా ఎక్కడుందో ముక్కల వెనక వైపు ఉండాలి. దగ్గర్లోనే కాబట్టి డిగ్రీలు, నిమిషాలు మారవు. చెప్పాల్సింది ఉత్తరానికి చివరి మూడంకెలు, పడమరకు చివరి మూడంకెలు, అంతే. అవి నిమిషంలో (అంటే డిగ్రీలో అరవయ్యో వంతులో) వెయ్యో వంతులు. ఉత్తరం వైపు ఒక్కో వెయ్యో వంతుకు సుమారు 1.85 మీటర్లు. ఆ మూడింటిలో మొదటి అంకె ఒక్కటి తేడా పడితే 185 మీటర్లు అవతల వెతుకుతాం. అంకెనే చెక్కితే ఒక ముక్క పోగానే 8 కాస్తా 3లా కనిపించొచ్చు, 6లా కనిపించొచ్చు. అందుకని అంకెలకు బదులు సెవెన్, ఫోర్ అంటూ ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కో పదం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరుచుకునేలా చెక్కించాను. ఒక ముక్క లేకపోతే ఒకటో రెండో అక్షరాలు దెబ్బతింటాయి, పదం మాత్రం తెలిసిపోతుంది. దానికి తోడు ఆరు అంకెల మొత్తం ఎంతో సైట్‌లో ఈ డబ్బా వివరాల పేజీలో రాశాను. ఒక పదం పూర్తిగా పోయినా, మిగతా అయిదూ కూడి తీసేస్తే సరిపోతుంది. ముక్కలు పేర్చే ట్రేకి అడుగు పారదర్శకంగా పెట్టించాను. ముగ్గు పూర్తయ్యాక ట్రే పైకెత్తి కింద నుంచి చూస్తే అక్షరాలు కనిపిస్తాయి.

డబ్బా సంగతికొస్తే, మిలిటరీ తూటాలు పెట్టుకునే ఇనప పెట్టె వాడాను. మూతకు రబ్బరు సీలు ఉంటుంది, నీళ్లు చేరవు. ఎవరైనా చూసి టెన్షన్ పడకుండా పైన జియోక్యాష్ అని స్టిక్కర్ అంటించాను. పార్కుల శాఖ అనుమతి మెయిల్‌లో తేలిగ్గానే వచ్చింది.

చిక్కంతా రివ్యూలో, అంటే డబ్బాను సైట్‌లో పెట్టేముందు చేసే పరిశీలనలో, వచ్చింది. వేరే డబ్బాలకు మన డబ్బా కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదో వంతు దూరం ఉండాలి. మ్యాప్‌లో నా చుట్టుపక్కల ఏమీ లేదు. కానీ పజిల్ డబ్బాల అసలు చోటు మ్యాప్‌లో కనబడదు, వాటికి పెట్టే ప్రశ్నార్థకం గుర్తు అసలు చోటుకు 3.2 కిలోమీటర్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. "మీ రెండో డబ్బాకు దగ్గర్లో ఒక మిస్టరీ (పజిల్ డబ్బా) ఉంది" అని రివ్యూయర్ రాశారు. ఏదో చెప్పలేదు, చెబితే ఎదుటివాళ్ల ఆట పాడవుతుంది కదా. వాళ్లు జీతం లేకుండా చేసే వలంటీర్లు. అంత మర్యాదగా కాదన్నందుకు నాకు కోపం కూడా రాలేదు.

ఇక చుట్టుపక్కల ప్రశ్నార్థకాలన్నీ విప్పడం మొదలుపెట్టాం. నాకు అడ్డొచ్చింది తీరా చూస్తే జిగిడి జిగ్సానే! బొమ్మంతా దేవదారు చెట్లు, పచ్చ మీద పచ్చ. నేనూ మా ఆయనా రాత్రిళ్లు లాప్‌టాప్ ముందు కూర్చుని ముక్కముక్కా జరుపుతూ పూర్తి చేశాం. ఇలాంటివాటిని స్క్రిప్టులతో క్షణాల్లో ముగించేవాళ్లూ ఉన్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది, పెట్టినవాళ్లు అంత ఇష్టంగా బొమ్మ ఎంచుకుంటే ఒకసారైనా తీరిగ్గా చూడాలి కదా. ఆ డబ్బా వాగుకు అవతలి ఒడ్డున ఉంది. నా రెండో డబ్బాను కాలిబాట వెంట ఇంకా పైకి జరిపి, పదాలు మార్చి వెనక వైపు మళ్లీ చెక్కించాను. ఈసారి అనుమతి వచ్చింది.

చలికాలంలో ఒకరు రాశారు: మూల ముక్క ఒకటి లేదు, ఒక పదం సగమే ఉంది, అయినా మొత్తం లెక్కతో సరిచూసుకుని వెళ్లి సంతకం చేశాం అని. అది చదివి నాకెంత సంతోషమేసిందో! ముందే ఇంకో సెట్టు కోయించి పెట్టుకున్నాను కాబట్టి ఆ శనివారమే ఆ ముక్క తీసుకెళ్లి పెట్టొచ్చాను.

అమ్మ ఇప్పుడు నెమలి ముగ్గు పంపింది. దాని ముక్కల్ని నాలుగు డబ్బాల్లో పంచాలని ఉంది. కానీ ఒక డబ్బా మాయమైతే పావు వంతు ముగ్గు ఒకేసారి పోతుంది, మొత్తం లెక్క ఒక్కటే దాన్ని ఆదుకోలేదు. దానికి ఉపాయం తోచేదాకా షీటు కొనను.