సెట్ అంటే పెట్టడమేనా

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. చిన్నదాని మీద విసుక్కున్నాను, అదే గుచ్చుతోంది.

సాయంత్రం ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి "అమ్మా, సెట్ అంటే?" అంది. ఫోనులోంచి తల ఎత్తకుండా "పెట్టడం" అన్నాను. "మరి సన్ సెట్ అంటే సూర్యుణ్ణి ఎవరు పెట్టారు?" అంది. "ఒక్కోచోట ఒక్కో అర్థం ఉంటుంది, విసిగించకు" అనేశాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆయన పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు.

ఆ మొహం నాకు తెలుసు. ఏడో తరగతిలో మాస్టారు నోటుబుక్కులో నిలువుగా గీత గీయించి, ఎడమవైపు మాట, కుడివైపు ఒక్కటంటే ఒక్క అర్థం రాయించేవారు. సెట్ ఎదురుగా "పెట్టు". "దే సెట్ అవుట్ ఎర్లీ" అన్న వాక్యం నా వంతుకొచ్చింది. లేచి "వాళ్ళు పొద్దున్నే బయట పెట్టారు" అన్నాను. "ఏం పెట్టారమ్మా బయట?" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. బయల్దేరారని అర్థమట, అది కూడా ఆయన చెప్పలేదు, ఇంటికెళ్ళాక అక్క చెప్పింది. ఆయన రాయించిందే కదా నేను చెప్పింది! ఇన్నేళ్ళయినా అది అన్యాయమనే అంటాను.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది ఈ మాటేనని తర్వాతెప్పుడో చదివాను. 430 దాకా అర్థాలు, వివరణే దాదాపు 60,000 మాటలు. దాన్ని ఒక్క గీతకి కుడివైపు ఇరికించారు. మనం మాత్రం తక్కువ వాడతామా? సోఫా సెట్, టీవీ సెట్, "ఈ రంగు నీకు బాగా సెట్ అయింది", "ఆ పని సెట్ అయిందా".

మాస్టారి మీద కోపంతోనే మొదలుపెట్టాను గానీ, రాస్తుంటే ఇంకోటి తోస్తోంది. నిప్పు పెట్టడం, పరీక్ష పెట్టడం, అలారం పెట్టడం, వీటన్నిటికీ ఇంగ్లీషులో సెట్టే. సామాన్ల సెట్టు అన్నప్పటి సెట్ వేరు, అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఈ సెట్ మాత్రం పాత ఇంగ్లీషుది, సిట్ నుంచే పుట్టింది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. అందులోనూ పెట్టడం ఉంది! మన "పెట్టు" మాత్రం తక్కువదా? పేరు పెడతాం, ముద్దు పెడతాం, వంకలు పెడతాం, మనసు పెడతాం. ఆయన చెప్పిన అర్థం తప్పు కాదు. అక్కడితో ఆపేశారు, అంతే. సాయంత్రం నేనూ అక్కడే ఆపేశాను.

పుస్తకం పక్కనే పెట్టుకుని పడుకుంది. అరగంట ముందుకి అలారం పెట్టాను.