కుడి సీటు నుంచి ఎడమ సీటుకు: కెప్టెన్ శిక్షణలో నా అనుభవం

ఎయిర్‌బస్ ఏ320 విమానంలో ఏళ్ల తరబడి కో-పైలట్‌గా పనిచేసిన తరువాత నాకు కెప్టెన్ శిక్షణ మొదలైనప్పుడు, తోటివాళ్లలో చాలామంది ఇక మిగిలింది లాంఛనమే అన్నట్టు మాట్లాడారు. కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ లైసెన్సుకు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 1500 గంటల ఎగిరిన అనుభవం నా లాగ్‌బుక్‌లో ఎప్పుడో దాటిపోయింది. రాతపరీక్ష, ఇంటర్వ్యూల గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. అసలు శిక్షణ, నేల మీదే ఉండి కాక్‌పిట్‌ను అనుకరించే సిమ్యులేటర్‌లో, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటులో కూర్చున్న రోజున మొదలైంది.

కో-పైలట్‌గా కుడి సీటులో ఉన్నంతకాలం కుడిచేతిలో విమానాన్ని తిప్పే సైడ్‌స్టిక్, ఎడమచేతి కింద ఇంజన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లివర్లు ఉంటాయి. ఎడమ సీటుకు మారగానే ఇదంతా తారుమారవుతుంది. చేతులకు పట్టుబడిన అలవాటు ఒక్కసారిగా పనికిరాకుండా పోవడంతో, అంతవరకు ఆలోచించకుండానే జరిగిపోతున్న ప్రతి పనినీ మళ్లీ చూసి చేయవలసి వచ్చింది. శిక్షకుడు దీన్ని మంచి అవకాశంగా తీసుకున్నారు. చెక్‌లిస్టులో ఫ్లాప్స్ (తక్కువ వేగంలోనూ విమానం గాలిలో నిలిచేలా రెక్కల వెనుక దించే పలకలు) అని చదివినప్పుడు, లివర్ ఏ గాడిలో ఉందో ఒకసారి, ముందున్న స్క్రీన్ మీద ఏ అంకె కనిపిస్తోందో మరోసారి చూసి, ఆ తరువాతే జవాబు చెప్పమన్నారు. అరక్షణం పట్టే పని ఇది. కానీ గంటలు పెరిగినకొద్దీ కన్ను కంటే నోరు ముందు పరుగెత్తుతుంది. ఎక్కాలు అప్పజెప్పినట్టు జవాబులు వచ్చేస్తాయి.

2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానెయిర్ విమానానికి జరిగింది అదే. సాంకేతిక లోపం వల్ల ఒకసారి వెనక్కి వచ్చి, ఆలస్యంగా రెండోసారి బయలుదేరిన ఆ విమానంలో ఫ్లాప్స్ దించనే లేదు. అయినా టేకాఫ్‌కు ముందు చెక్‌లిస్టులో ఫ్లాప్స్ సరైన అంకెలో ఉన్నట్టే జవాబు వినిపించింది. హెచ్చరించవలసిన అలారం కూడా మోగలేదు. 154 మంది చనిపోయారు. ఆ పైలట్లకు పని రాకపోవడం కాదు, ప్రతిరోజూ చేసే పని కావడమే అక్కడ ప్రమాదమైందని నా నమ్మకం.

సిమ్యులేటర్‌లో నాకు బాగా గుర్తుండిపోయిన అభ్యాసం మరొకటుంది. విమానాన్ని కో-పైలట్ దించుతున్నారు. శిక్షకుడు ముందే రహస్యంగా చెప్పి ఉంచడంతో ఆయన ఉన్నట్టుండి మాటా పలుకూ లేకుండా ఉండిపోయారు. కళ్లు తెరిచే ఉన్నాయి, చెయ్యి సైడ్‌స్టిక్ మీదే ఉంది, వేగం మాత్రం తగ్గిపోతోంది. నేను "స్పీడ్" అన్నాను, జవాబు లేదు. మళ్లీ అన్నాను, లేదు. రెండుసార్లు పిలిచినా పలకకపోతే ఇక ఆలోచించకూడదన్నది నియమం కాబట్టి, ఎర్రబటన్ నొక్కి "ఐ హావ్ కంట్రోల్" అని విమానాన్ని చేతిలోకి తీసుకుని పైకెక్కించాను. తరువాత జరిగిన చర్చలో శిక్షకుడు అడిగిన ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది: "ఆ స్థితిలో మీరే ఉంటే, మీ చేతిలోంచి విమానాన్ని తీసుకునే ధైర్యం ఆ కుర్రాడికి ఉంటుందా? ఆ ధైర్యం మీరు ఇచ్చి ఉంచారా?"

ఆ ప్రశ్న వినగానే నాకు మంగళూరు గుర్తుకు వచ్చింది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, కొండ మీది రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బతికారు. కెప్టెన్‌కు పదివేల గంటలకు పైబడిన అనుభవం ఉంది. ప్రయాణంలో ఆయన చాలాసేపు నిద్రపోయారని, విమానం ఉండవలసిన ఎత్తుకన్నా చాలా ఎత్తులో వస్తోందని, కో-పైలట్ గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెక్కమని, అన్నా ఆయన ఆగలేదని విచారణలో తేలింది. తెలిసినవాడు పక్కనే ఉండి చెప్పినా ఆ మాటకు విలువ లేకపోవడం కంటే ఘోరం కాక్‌పిట్‌లో మరొకటి ఉండదు.

సిమ్యులేటర్ ముగిశాక శిక్షణలో భాగంగా ప్రయాణికులతో నడిపిన విమానాల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ, విశాఖపట్నం వంటి దగ్గరి ఊళ్లే ఎక్కువ. గంటకు అటూ ఇటూగా ముగిసే ప్రయాణాలు, రోజూ పోయే దారే కదా అనిపించే దారులు. వాతావరణం బాగున్న ఇలాంటి రోజుల్లోనే ఏమరుపాటు ఎక్కువని శిక్షకుడు పదేపదే హెచ్చరించేవారు. వెయ్యి అడుగుల ఎత్తుకు దిగేసరికి చక్రాలు దిగి, ఫ్లాప్స్ సరిగా ఉండి, వేగమూ దిగే తీరూ పద్ధతిలో ఉండి, చెక్‌లిస్టు ముగిసి ఉండాలి. ఒక్కటి తేడా అయినా, రన్‌వే కళ్లెదుటే కనిపిస్తున్నా సరే, మళ్లీ పైకెక్కవలసిందే.

కెప్టెన్‌గా పనికొస్తానో లేదో తేల్చే చివరి పరీక్ష, కమాండ్ చెక్, పెద్ద సంఘటనలేవీ లేకుండా ముగిసింది. ఇప్పుడు దిగడానికి ముందు బ్రీఫింగ్‌లో నా కో-పైలట్‌తో, నిన్న కలిసి ఎగిరినవారైనా సరే, ఒక మాట తప్పకుండా చెబుతాను: "మీకు ఏది తేడాగా అనిపించినా గో అరౌండ్ అనండి. ముందు పైకెక్కుతాను, కారణం ఆ తరువాత మాట్లాడుకుందాం." ఇంతవరకు ఆ మాట అన్నవారిలో ఎవరినీ ఎందుకన్నారని నేను నిలదీయలేదు.